చేతిరాతలకు అచ్చు రూపమిచ్చిన ఆళ్వారుస్వామి

పేరున్న రచయితల చేతిరాత కాగితాలు, సంతకం చేసిన ఉత్తరాలు పోగుచేసి దాచుకునే అలవాటు చాలా దేశాల్లో ఉంది. ఇంగ్లీషు నాటకకర్త షేక్‌స్పియర్ సంతకాలుగా పండితులు సాధారణంగా ఒప్పుకునేవి ఆరంటే ఆరే. అలాంటి కాగితం ఒకటి వేలానికి వస్తే దాని ధర వింటేనే మనబోటి వాళ్లకు కళ్లు తిరుగుతాయి. కొన్నవాళ్లు దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

సికింద్రాబాదులో ఉండి, రచయితల కాగితాలను వెతికి వెతికి తెచ్చిన మనిషి మన తెలంగాణలోనూ ఒకరున్నారు. ఆయన బీరువా కొనలేదు. తెచ్చిన కాగితాన్ని తెచ్చినట్టే ప్రెస్సులో ఇచ్చి పుస్తకం చేయించారు. ఆ పుస్తకాలను గంపకెత్తుకొని పల్లెపల్లెకూ తిరిగి అమ్మారు. ఆయనే వట్టికోట ఆళ్వారుస్వామి.

ఆళ్వారుస్వామి 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో పుట్టారు. నకిరేకల్లు వైపు ఊరు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇల్లు గడవడమే కష్టమైన ఆ రోజుల్లో పిల్లవాడికి బడి ఎక్కడిది? ఒక ఉపాధ్యాయుని ఇంట్లో వంట చేసి పెడుతూ, ఆయన దగ్గరే చదువు నేర్చుకున్నారు. పొయ్యి దగ్గర కూర్చొనే పుస్తకం పట్టిన వాడికి ఆ పుస్తకం మీద ఎంత మమకారం ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆ తరువాత కొంతకాలం విజయవాడలో ఒక హోటల్లో సర్వరుగా పని చేశారు. కాలేజీ మెట్లెక్కింది లేదు.

విజయవాడ అప్పటికి బ్రిటిషు వారి మద్రాసు రాష్ట్రంలోది. అక్కడ తెలుగు పత్రికలు, తెలుగు పుస్తకాలు, సభలు, ఊరేగింపులు విరివిగా ఉండేవి. నిజాం రాష్ట్రంలో పరిస్థితి వేరు. బడిలో ఉర్దూ, కచ్చేరీలో ఉర్దూ. నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 పేరు చెబితే ఆనాటి పెద్దలు చేదు తిన్నట్టు ముఖం పెట్టేవారు. అందుకే తెలంగాణలో తెలుగు కోసం పాటుపడినవారు ముందుగా గ్రంథాలయం తలుపు తెరిచారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిశాయి. గ్రంథాలయాలైతే వచ్చాయి. వాటిలో పెట్టడానికి ఇక్కడివారు రాసి ఇక్కడ అచ్చయిన తెలుగు పుస్తకాలు మాత్రం తక్కువ.

ఇది చూసి కొందరికి నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న అపోహ కలిగింది. పత్రికలో ఆ మాట అచ్చయింది కూడా. ఆ మాట సురవరం ప్రతాపరెడ్డికి గుచ్చుకుంది. ఆయన 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టి నడుపుతున్నవారు. వాదులాట పెట్టుకోకుండా, ఎక్కడెక్కడి కవులనూ తమ పద్యాలు, జీవిత విశేషాలు పంపించమన్నారు. పద్యాలు వచ్చాయి. పేరు విననివారు, తమ ఊరు దాటి ఎవరికీ తెలియనివారు కూడా వాటిలో ఉన్నారు. 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. లేరన్నవారి నోరు దాంతో మూతపడింది. చేతిరాత కాగితాలను ఒకచోట చేర్చడం ఎంత పని చేయగలదో తెలంగాణకు మొదట చూపించింది ఆ సంచికే.

ప్రూఫులు దిద్దిన చేయి

విజయవాడ నుంచి వచ్చిన ఆళ్వారుస్వామి చేరింది ఆ గోలకొండ పత్రికలోనే. ఉద్యోగం ప్రూఫులు దిద్దడం. ఈ పని సంగతి తెలియని వారికి ఒక మాట చెప్పాలి. అప్పుడు కంప్యూటర్లు లేవు. సీసం అక్షరాలను అరల్లోంచి ఒక్కొక్కటే ఏరి కంపోజిటరు వరుసగా పేర్చేవాడు. ఒత్తులు వేరు, గుడులు వేరు. తెలుగులో ఒక పేజీ పేర్చడమంటే సామాన్యమైన పని కాదు. పేర్చిన దానికి సిరా పూసి ఒక కాగితం మీద అద్ది చూస్తారు. అదే ప్రూఫు. ప్రూఫు దిద్దేవాడు ఒక పక్క రచయిత చేతిరాత, మరో పక్క ఆ ప్రూఫు పెట్టుకొని అక్షరం అక్షరం పోల్చి చూస్తాడు. పండితుడి ముత్యాల్లాంటి రాతా, కోడి కెలికినట్టున్న తొందర రాతా రెండూ చదవగలగాలి. కొట్టివేతలు, అంచుల్లో ఇరికించిన మాటలు, మరిచిపోయి వదిలేసిన పాదాలు అన్నీ పట్టుకోవాలి.

హోటల్లో సర్వరుగా ఉన్న యువకుడికి ఈ పని ఒక కాలేజీ అయిందనుకోవచ్చు. తెలంగాణలో ఎవరు ఏం రాస్తున్నారో, ఎవరి దగ్గర ఎంత సరుకుందో గోలకొండ పత్రికలో కూర్చున్నవాడికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఎంత రాత అచ్చుకు నోచుకోకుండా మిగిలిపోతున్నదో కూడా అక్కడే తెలుస్తుంది.

1938లో సికింద్రాబాదు కేంద్రంగా ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. వయసు 23 ఏళ్లు నిండలేదు. చేతిలో డబ్బు లేదు. వెనక జమీందారు లేడు. దేశోద్ధారకుడని ప్రజలు పిలుచుకున్న కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ ఏడాది ఏప్రిల్ 11న కన్నుమూశారు. అమృతాంజనంతో సంపాదించిన డబ్బును ఆంధ్రపత్రికకు, ఆంధ్ర గ్రంథమాలకు ధారపోసిన మనిషి ఆయన. ఆయన స్మృతికే ఈ పేరు. పంతులు గారి వెనక అమృతాంజనం ఉంది. ఆళ్వారుస్వామి వెనక మాత్రం ఆయన రెండు కాళ్లే ఉన్నాయి.

సికింద్రాబాదు అప్పట్లో ఇంగ్లీషు దండు దిగిన ఊరు. హుస్సేన్‌సాగర్‌కు ఈవల దొరల పాలన, ఆవల నిజాం పాలన. నిజాం గస్తీలు ఇక్కడ ఆవల సాగినంత గట్టిగా సాగేవి కావు. 1945లో ఊరు తిరిగి నిజాం చేతికి వెళ్లేదాకా ఇదే తీరు. రైలు స్టేషను దగ్గర, కార్మికులు ఎక్కువ, అన్ని భాషల వారూ కలిసి ఉండే చోటు. పుస్తకాల పని చేసేవాడికి అనువైన ఊరే.

గంప, సంచి, పుస్తకాలు

గ్రంథమాల పని ఎలా సాగిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రచయితను ఒప్పించడం, ప్రతి తీసుకోవడం, ప్రెస్సుకు అప్పు చెప్పడం, ప్రూఫులు దిద్దుకోవడం, అచ్చయినవి కట్టలు కట్టడం, మోసుకుపోయి అమ్మడం అన్నింటా ఆయన చేయి ఉండాల్సిందే. అమ్మిన డబ్బు వస్తేనే మరో పుస్తకానికి కాగితం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ కాగితానికీ కంట్రోలే. అయినా గ్రంథమాల మొత్తం మీద 30కి పైగా పుస్తకాలు తెచ్చింది. అణా గ్రంథమాల వంటివి కూడా ఆ కాలంలోనే చవక పుస్తకాలు వేసి ఈ బాటలోనే నడిచాయి.

ఆంధ్ర మహాసభ ఎక్కడ జరిగితే అక్కడికి ఆళ్వారుస్వామి పుస్తకాలతో వెళ్లేవారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆ సభలు, 1944లో భువనగిరి నాటికి పల్లె రైతు సంఘంగా మారిపోయాయి. సభకు వచ్చిన రైతు పాట విని, ఉపన్యాసం విని, ఇంటికి పోయేటప్పుడు చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టుకుపోవాలన్నది ఆయన ఆరాటం. సభలు లేని రోజుల్లో గంప నెత్తిన పెట్టుకొని ఊళ్ల మీద పడేవారు. కూరగాయలు, గాజులు అమ్మేవారిని పల్లెలు ఎరుగును. పుస్తకాలు గంపలో పెట్టుకొని వచ్చిన మనిషిని చూడటం చాలా ఊళ్లకు అదే మొదలు.

ఇంకో సంగతి గమనించాలి. ఆ రోజుల్లో తెలంగాణ పల్లెలో సంతకం ఉన్న కాగితమంటే అప్పు కాగితమే. దొర గడీలోనో, షావుకారు దుకాణంలోనో వేలిముద్ర వేయించుకున్న కాగితం. ఏమి రాసి ఉందో వేసినవాడికి తెలియదు. తాత వేసిన ముద్రకు మనుమడు వెట్టి చేసిన ఇళ్లు ఎన్నో. కాగితమంటే భయపడే ఇళ్లలోకి కాగితాన్ని చదువుకునే వస్తువుగా తీసుకుపోవడం అంత తేలిక కాదు. పుస్తకం కొనేవాడు లేకపోతే కూర్చోబెట్టి చదివి వినిపించేవారూ ఆ ఉద్యమంలో ఉండేవారు. నల్లగొండ జిల్లాలో ఆంధ్ర మహాసభ పనులు, సికింద్రాబాదులో కార్మిక సంఘాల పనులు కూడా ఆళ్వారుస్వామి భుజం మీదే ఉండేవి. కమ్యూనిస్టు పార్టీలోనూ పనిచేశారు. ఇన్ని పనుల్లో పుస్తకం ఒక్కటి మాత్రం వదల్లేదు.

గోడ మీది పద్యం

సర్కారు ఊరుకోలేదు. ఆళ్వారుస్వామిని జైల్లో వేశారు. 1951 దాకా ఆయన జీవితంలో చాలా భాగం జైళ్లలోనే గడిచింది. నిజాం కాలంలోనే కాదు, 1948 పోలీసు చర్య తరువాత కూడా జైలు తప్పలేదు. గ్రంథమాల ఆగిపోయింది. కాగితం లేదు, ప్రెస్సు లేదు.

ఆయన చేసిన అన్ని పనుల్లోకీ పేరున్నది ఇక్కడే జరిగింది. నిజామాబాదు జైలులో ఆయనతోపాటు దాశరథి కృష్ణమాచార్య ఉన్నారు. దాశరథి అప్పటికి 22, 23 ఏళ్ల కుర్రవాడు. నిజాం మీద పద్యాలు చెప్పి జైలుకు వచ్చినవాడు. ఖైదీకి కలం, కాగితం ఎవరిస్తారు? దాశరథి బొగ్గు ముక్క తీసుకొని జైలు గోడ మీదనే పద్యం రాశారు. గోడ మీది రాత ఎన్నాళ్లుంటుంది? జైలు వాళ్లు చూశారు, దాని మీద సున్నం కొట్టించారు. అప్పటికే ఆళ్వారుస్వామి ఆ పద్యాన్ని కంఠతా పట్టేశారు. గోడ మీద చెరిగింది కాని ఆయన నోట చెరగలేదు. తోటి ఖైదీలకు అదే పనిగా వినిపించేవారు.

రాతప్రతులు పోగుచేసే వారెవరికీ ఇలాంటి ప్రతి దొరికి ఉండదు. తాటాకైతే మోసుకుపోవచ్చు, కాగితమైతే మడిచి జేబులో పెట్టుకోవచ్చు. జైలు గోడను ఏం చేస్తారు? ఆళ్వారుస్వామి తన బుర్రలో దాచుకున్నారు. ఆ పద్యం ఈనాటికీ తెలంగాణ బడిపిల్లలకు వచ్చు. 1949లో వెలువడిన 'అగ్నిధార'ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చారు. రాజులకు, జమీందారులకు కావ్యాలు అంకితమిచ్చే అలవాటున్న భాషలో, ఒక కవి తన పుస్తకాన్ని హోటలు సర్వరుగా బతుకు మొదలుపెట్టిన మనిషికి ఇచ్చాడంటే అది చిన్న విషయం కాదు.

జైలు నుంచి వచ్చిన వెంటనే ఆళ్వారుస్వామి పాత పనిలోనే పడ్డారు. ఈసారి వంతు కాళోజీ నారాయణరావుది. కాళోజీ ఎప్పటికప్పుడు కడుపు మండిన సంగతి మీద కవిత్వం చెప్పి, సభలో వినిపించి ముందుకు సాగిపోయే మనిషి. పుస్తకం వేసుకోవాలన్న ఆశ ఆయనకు పెద్దగా లేదు. అటువంటి కవి రాతలు పట్టి అచ్చుకు ఎక్కించకపోతే విన్నవారితోనే పోతాయి. 1953లో ఆళ్వారుస్వామి కాళోజీ 'నా గొడవ'ను గ్రంథమాల తరఫున ప్రచురించారు. ఆ ఏడాది అలంపురంలో జరిగిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభల్లో శ్రీశ్రీ చేతుల మీదుగా అది బయటికి వచ్చింది. కాళోజీ పుట్టిన రోజు సెప్టెంబరు 9ని తెలంగాణ ప్రభుత్వం 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నది. ఆ కవి మొదటి 'గొడవ' అచ్చయింది ఎవరి పూనికతోనో చాలామందికి తెలియదు.

'తెలంగాణం' పేరుతో వ్యాస సంపుటాలు కూడా తెచ్చారు. ఈ ప్రాంతం చరిత్ర, బతుకు, ఉద్యమాల మీద తెలిసిన వారి చేత రాయించి, ఒకచోట చేర్చిన పని ఇది. వ్యాసం రాయిస్తామన్న వారందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. రాస్తానన్న వారిలో సగం మంది రాయరు. రాసిన వారిలో సగం మంది గడువు దాటాక ఇస్తారు. ఇంటి చుట్టూ తిరిగి వసూలు చేసుకోవాల్సిందే.

కాగితం ఏమైంది

ఆళ్వారుస్వామి కన్నా వందేళ్ల ముందు కడపలోనూ మచిలీపట్నంలోనూ మద్రాసులోనూ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇలాగే తెలుగు ప్రతుల వెంట పడ్డాడు. ఇంగ్లీషు కలెక్టరాఫీసు ఉద్యోగి. సొంత జీతం ఖర్చు చేసి, అప్పులు కూడా చేసి, పండితులను జీతాలకు పెట్టి తాటాకుల మీద ఉన్న కావ్యాలను ఎత్తిరాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. 1852లో ఆయన తెలుగు నిఘంటువు వెలువడింది. ఆయన పోగుచేసినవి మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తకాలయానికి చేరి నిలిచాయి. నేటికీ పరిశోధకులు అక్కడికే పోయి చూస్తారు.

ఇద్దరి పనిలోనూ ఒక తేడా ఉంది. బ్రౌన్ దగ్గర ప్రతి మిగిలింది. ఆళ్వారుస్వామి చేతి నుంచి వచ్చినవి పుస్తకాలుగానే మిగిలాయి. ఆనాటి ప్రెస్సుల్లో చేతిరాత ప్రతికి అచ్చయ్యేదాకే విలువ. కంపోజిటరు దాన్ని ముక్కలుగా పంచుకునేవాడు. సిరా వేళ్ల ముద్రలు పడేవి. పని అయ్యాక ఇనుప చువ్వకు గుచ్చి మూలన పెట్టేవారు, తరువాత చిత్తుకాగితాల్లో కలిసేది. పేరున్న తెలుగు రచయితల చేతిరాత ప్రతులు అరుదుగా మాత్రమే మిగలడానికి చెదలు, వానలు ఎంత కారణమో ప్రెస్సులు కూడా అంతే కారణం. అవే కాగితాలు ఇప్పుడుంటే పరిశోధకులు కళ్లకద్దుకునేవారు. అది నష్టమే. కాని కాగితం ముఖ్యమా, కాగితంలో ఉన్నది పదిమందికి చేరడం ముఖ్యమా అన్న ప్రశ్న ఆ రోజుల్లో వస్తే ఆళ్వారుస్వామి ఎటు ఉంటారో ఆయన గంపే చెబుతుంది.

తన రాతలకు వచ్చేసరికి మాత్రం ఆయనకు తీరిక దొరికింది తక్కువ. జైల్లో చూసిన మనుషుల మీద కథలు రాసి 'జైలు లోపల' పేరుతో తెచ్చారు. దొంగలు, హంతకులు అని లోకం పక్కన పెట్టిన ఖైదీల మనసులో ఏముందో ఆ కథల్లో కనిపిస్తుంది. 1955లో 'ప్రజల మనిషి' నవల వచ్చింది. దిమ్మెగూడెం అనే పల్లె, ఆ పల్లెను గుప్పిట్లో పెట్టుకున్న దొర రామభూపాలరావు, అతన్ని ఎదిరించి నిలబడిన యువకుడు కంఠీరవం అందులోని కథ. వెట్టి, భూముల కబ్జా, మత మార్పిడి తగాదాలు, గ్రంథాలయం పెట్టుకోవాలన్న పల్లెటూరి యువకుల తపన అన్నీ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. గడీల తెలంగాణ మీద వచ్చిన తొలి నవలల్లో దానికే పెద్దపీట వేస్తారు. చదువుకున్న పండితుడు రాసిన నవల కాదు కనుకనే ఆ మాటల్లో మన ఇళ్ల వాసన ఉంది.

ఆ కథకు కొనసాగింపుగా, 1940 తరువాతి రోజుల మీద 'గంగు' అనే మరో నవల మొదలుపెట్టారు. పల్లెలు లేచి నిలబడిన రోజులవి. ఆయన స్వయంగా చూసినవి, నడిచినవి. ఆ రోజులను ఆయనకన్నా దగ్గరగా చూసిన రచయితలు కొద్దిమందే. కాని సభలు, సంఘాలు, ఇతరుల ప్రతులు, ప్రూఫులు, ప్రెస్సు బాకీలు ముగిసేవి కావు. 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి చనిపోయారు. వయసు 45 ఏళ్లు. ఎందరి రాతలనో పుస్తకాలుగా చేసిన మనిషి బల్ల మీద తన నవల సగం రాతప్రతిగానే ఉండిపోయింది.

ఈసారి దాన్ని తీసుకుపోయి ప్రెస్సులో ఇవ్వవలసిన పని మిత్రులకు పడింది. 'గంగు' 1965లో అచ్చయింది. ఆయన కలం ఆగిన చోటే పుస్తకమూ ఆగింది.